వస్తువుల గుణదోషములను వ్రాయు విధము



ఇంటికి వలసిన వస్తువు నేదైనను కొనుటకు ముందు పొరుగింటి వదినగారి నడిగి తెలిసికొనుట మనకు పరిపాటి. "మీ గ్రైండరు ఎట్లు పనిచేయుచున్నది, వదినా?" యని యడిగినచో నామె దాని మంచిని, చెడ్డను దాచక చెప్పును. పత్రికలో నొక వస్తువును గూర్చి వ్రాయు స్త్రీ, చదువరుల కందఱకును అట్టి వదినగారి వంటిది. ఆ నమ్మకమును నిలుపుకొనుట యెట్లో యీ వ్యాసమున ముచ్చటించెదను.

ముందుగా నా తప్పిదము నొకదానిని చెప్పుకొందును. కొన్ని సంవత్సరముల క్రిందట నొక ప్రెషర్ కుక్కరును గూర్చి పత్రికకు వ్రాసితిని. కొని తెచ్చిన మూడవ నాడే వ్రాసితిని. దాని నిగనిగలను, పిడి యందమును, పప్పు త్వరగా నుడుకుటను మెచ్చుకొంటిని. ఆఱు మాసములకు ఒక చదువరి యొద్దనుండి యుత్తరము వచ్చినది. ఆమె కుట్టుపని చేసి కూడబెట్టిన సొమ్ముతో, నా మాట నమ్మి, ఆ కుక్కరునే కొన్నదట. నాలుగు నెలలకే గాస్కెట్టు సాగి ఆవిరి పోవ మొదలిడెను. ఆ కొలతకు సరిపడు గాస్కెట్టు ఆమె యూరి దుకాణములలో దొరకలేదు. "మీరు వ్రాసినదంతయు నిజమే, కాని నాకు కావలసినది మీరు వ్రాయలేదు" అని యామె ముగించినది. ఆ వాక్యమే నాకు గురువైనది.

కావున మొదటి నియమమిది: వాడక వ్రాయరాదు, మూడు నాళ్లు వాడి వ్రాయుటయు చాలదు. నెల దినములైనను నిత్యము వాడి, చూచినదానిని చూచినట్లు ఒక పుస్తకములో గుఱుతు పెట్టుకొనవలెను. ఒక గ్లాసు కందిపప్పును కొలిచిన నీటితో నొకనాడు నానబెట్టకయు, మఱియొకనాడు అరగంట నానబెట్టియు నుడికింపుడు. ఎన్ని కూతలకు మెత్తబడినది? ఎన్ని నిమిషములు పట్టినది? నురుగు పొంగి పొయ్యి మీద చిందినదా? అదే పప్పును అదే మంటపై మీ పాత కుక్కరులో గూడ నుడికించి పోల్చుడు. "చాల త్వరగా నుడుకును" అను మాటకంటె "పాతదానికంటె నాలుగు నిమిషములు ముందుగా నుడికినది" అను మాట చదువరికి పనికివచ్చును.

రెండవది, వస్తువు పనిచేయు తీరును తెలిసికొని వ్రాయవలెను. ఆవిరి వెలికి పోక లోపల ఒత్తిడి పెరుగుటచే కుక్కరులో నీరు సుమారు 120 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు వేడెక్కును; అందుచేతనే వంట త్వరగా నగును. ఆవిరి గొట్టము మూసికొనిపోయినచో ఆ ఒత్తిడియే ప్రమాదమగును. అప్పుడు కాపాడునది మూతపైనుండు సేఫ్టీ వాల్వు. కావున దానిని గూర్చి వ్రాయని వ్యాసము అసంపూర్ణము. మన దేశమున 2021 ఫిబ్రవరి 1 నుండి గృహములలో వాడు ప్రెషర్ కుక్కరులకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి యైనది. ముద్రపై ఐ.ఎస్. 2347 అను సంఖ్యయు, క్రింద లైసెన్సు సంఖ్యయు నున్నవో లేవో చూచి చదువరులకు చెప్పవలెను.

మూడవది, ఆ వస్తువు మీ చేతికెట్లు వచ్చినదో దాచరాదు. సొంత సొమ్ముతో కొంటిరా, తయారుచేసినవారు ఊరకే పంపిరా? ఇది మొదటనే తెలుపవలెను. అమెరికాలో 1936లో స్థాపింపబడిన కన్స్యూమర్స్ యూనియను, తన పత్రికలో ప్రకటనలు వేయక, పరీక్షింపవలసిన వస్తువులను అంగడిలోనే కొని పరీక్షించు పద్ధతి నవలంబించినది. మన దేశమున గూడ 2022 జూన్‌లో వెలువడిన కేంద్ర మార్గదర్శకములు, వస్తువును మెచ్చుకొని ప్రచారము చేయువారికి ఆ వ్యాపారితో గల సంబంధమును వెల్లడింపవలెనని విధించినవి. చట్టము చెప్పకున్నను, తిన్న యింటిని పొగడుచున్నామని చెప్పి పొగడుటయే మర్యాద.

నాల్గవది, ఎవరికి తగునో, ఎవరికి తగదో చెప్పవలెను. ఐదు లీటర్ల కుక్కరు పెద్ద కుటుంబమునకు సదుపాయము. మణికట్టు నొప్పిగల యత్తగారికి బరువు. దోషమును చెప్పునప్పుడు పరుషముగా పలుక నక్కఱలేదు. కాని పూలలో దాచి చెప్పినచో చదువరికి కనబడదు. వెల, హామీ కాలము, గాస్కెట్టు మొదలగు విడి భాగములు చిన్న యూళ్లలో దొరకునా యను సంగతి చివర తప్పక చేర్చవలెను.

ఆ కుట్టుపని చేయు సోదరికి నేను పట్టణమున గాస్కెట్టు వెదకి కొని పంపితిని. తరువాతి సంచికలో నా లోపమును నేనే ప్రకటించితిని. పరువు పోవునని మొదట జంకితిని గాని, ఆ తరువాతనే నా వ్రాతలను చదువరులు ఎక్కువగా నమ్మిరి. సోదరులారా, సోదరీమణులారా యని సభలలో పిలుచుట సులభము. ఒక పేద యింటి డబ్బును మన డబ్బువలె నెంచి వ్రాయుటయే నిజమైన సోదరీభావము.