మనిషిని చూపించు, కారణం చెప్పు

గుడిబండలో ఒకరిని పోలీసులు విచారణకని తీసుకెళ్లారనుకుందాం. రాత్రి గడిచింది, తెల్లారింది, మళ్లీ పొద్దుగూకింది. ఎక్కడ అడిగినా ‘మా దగ్గర లేడు’ అనే జవాబే. అరెస్టు చేసిన మనిషిని, దారిలో పట్టే సమయం పోను, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగంలోని 22వ అధికరణం చెబుతోంది. ఆ గడువు దాటినా ఆచూకీ లేకపోతే ఇంటివాళ్లతో లాయరు అనే మాట: ‘హెబియస్ కార్పస్ వేద్దాం.’

ఈ లాటిన్ మాటకు ‘ఆ శరీరాన్ని హాజరుపరచు’ అని అర్థం. శరీరమంటే ఇక్కడ నిర్బంధంలో ఉన్న మనిషి. పూర్వం ఇంగ్లండులో కోర్టులు జైలరుకు పంపే రిట్ అనే ఆజ్ఞలో ఉండే మాటలే ఆ ఆజ్ఞకు పేరై నిలిచాయి. తెలుగులో బందీ ప్రత్యక్షీకరణ అంటాం.

మరి బందీని కోర్టుకు తీసుకురాకుండా ఈ పిటిషన్‌ను విచారించవచ్చా? ఈ ప్రశ్న మన విశాఖపట్నం సెంట్రల్ జైలు నుంచే సుప్రీంకోర్టుకు చేరింది. నక్సల్బరీ నాయకుడు కాను సన్యాల్ పార్వతీపురం కుట్ర కేసులో అక్కడ ఉంటూ పిటిషన్ వేశారు. 1973లో జస్టిస్ పి.ఎన్. భగవతి ఈ రిట్ పుట్టుపూర్వోత్తరాలన్నీ పరిశీలించి తీర్పు రాశారు. మనిషిని ఎదుట నిలబెట్టడం తప్పనిసరి కాదు, ఆ నిర్బంధం చట్టబద్ధమా కాదా అని తేల్చడమే అసలు పని అన్నారు. మరుసటి ఏడాది సన్యాల్ పిటిషన్‌ను కోర్టు కొట్టేసింది. అధికారమున్న కోర్టు ఉత్తర్వు మీదే ఆయన జైల్లో ఉన్నారన్నది కారణం. అందుకే రిమాండులో ఉన్నవారికి లాయర్లు సాధారణంగా బెయిలు దారే చూపిస్తారు.

ఎమర్జెన్సీలో ఈ రక్షణ కూడా చేజారింది. 1976 ఏప్రిల్ 28న జబల్‌పూర్ కేసులో సుప్రీంకోర్టు, ఆ రోజుల్లో నిర్బంధాన్ని ప్రశ్నిస్తూ ఎవరూ హైకోర్టుకు వెళ్లలేరని చెప్పింది. అయిదుగురు న్యాయమూర్తుల్లో జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు. ఆ తర్వాత వచ్చిన 44వ రాజ్యాంగ సవరణ, ఎమర్జెన్సీలోనైనా ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణనిచ్చే 21వ అధికరణం కోసం కోర్టుకెళ్లే హక్కును ఆపకూడదంది. 1979లో దానికి ఆమోదముద్ర వేసిన రాష్ట్రపతి, అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి. జబల్‌పూర్ తీర్పును సుప్రీంకోర్టే 2017లో తోసిపుచ్చింది.

ఈ పిటిషన్ వేయడానికి బందీ సంతకం అక్కర్లేదు. తల్లిదండ్రులు, భార్య, స్నేహితుడు ఎవరైనా వేయవచ్చు. పోలీసుల మీదే కాదు, ఇష్టపడి పెళ్లి చేసుకున్న కూతుర్ని గదిలో పెట్టి తాళం వేసిన పెద్దల మీదా వేయవచ్చు. జిల్లా కోర్టులకు ఈ రిట్ ఇచ్చే అధికారం లేదు. గుడిబండవాళ్లు అమరావతిలోని హైకోర్టుకో, ఢిల్లీలోని సుప్రీంకోర్టుకో వెళ్లాలి. అయితే ఎవరినైనా అక్రమంగా బంధించారని నమ్మే కారణం ఉంటే, ఆ ప్రాంతపు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు కూడా సెర్చ్ వారంటు ఇచ్చి వెతికించవచ్చు. పిటిషన్‌లో ఎవరు తీసుకెళ్లారు, ఎప్పుడు, ఎక్కడి నుంచి అన్నవి వివరంగా ఉండాలి. కాబట్టి తేదీ, వేళ, వచ్చిన బండి నంబరు, చూసినవాళ్ల పేర్లు ఆ రోజే కాగితం మీద రాసి పెట్టుకోవడం మంచిది.