మోకాళ్లు టక్‌మంటే గుజ్జు అరిగినట్టేనా? కీళ్ల చప్పుడు వెనుక అసలు సంగతి

ఫజర్ వేళ మసీదు నిశ్శబ్దంగా ఉంటుంది. సఫ్ మొత్తం సజ్దా నుంచి లేస్తుంటే అక్కడక్కడా మోకాళ్లు టక్‌మన్న చప్పుడు వినిపిస్తుంది. నలభై దాటిన చాలామందికి ఇది అలవాటైన చప్పుడే. అయినా 'గుజ్జు అరిగిపోయింది కాబోలు' అన్న భయం మాత్రం పోదు. ఆ భయంతో కొందరు మెట్లెక్కడం మానేస్తారు. నొప్పి ఏమీ లేకపోయినా కుర్చీ మీద నమాజుకు మారిపోయేవాళ్లూ ఉన్నారు. ఇంకొందరు ఎవరినీ అడగకుండానే మెడికల్ షాపు నుంచి కాల్షియం మాత్రలు తెచ్చి మింగేస్తుంటారు. నొప్పి, వాపు లేకుండా ఉత్త చప్పుడు మాత్రమే ఉంటే అది జబ్బు కాదు. కాల్షియం మాత్రతో ఆగేదీ కాదు.

రెండు ఎముకలు కలిసే చోట ఒక సంచిలాంటి పొర ఉంటుంది. అందులో గుడ్డు తెల్లసొనలా జారుగా ఉండే ద్రవం కొద్దిగా ఉంటుంది. కీలుకు నూనె వేసినట్టు పనిచేసేది ఇదే. సోడాలో గ్యాస్ కరిగి ఉన్నట్టే ఈ ద్రవంలోనూ వాయువులు కరిగి ఉంటాయి. వేలిని లాగినా, వెనక్కి వంచినా ఎముకల మధ్య సందు ఒక్కసారిగా పెరుగుతుంది, లోపలి ఒత్తిడి పడిపోతుంది. కరిగి ఉన్న వాయువు బుడగగా బయటికి వస్తుంది. మెటికలు విరిచినప్పుడు వచ్చే 'టక్' ఈ బుడగ సంబంధమైనదే. ఆ వాయువు మళ్లీ ద్రవంలో కలిసిపోవడానికి దాదాపు ఇరవై నిమిషాలు పడుతుంది. ఒకసారి విరిచిన వేలు వెంటనే మళ్లీ మోగకపోవడానికి కారణం అదే.

బుడగ పుట్టినప్పుడు చప్పుడా, పగిలినప్పుడు చప్పుడా అన్నది మాత్రం పెద్ద తగాదాయే. 1947లో లండన్‌లో ఇద్దరు పరిశోధకులు వేళ్లను లాగుతూ ఎక్స్‌రేలు తీసి, బుడగ పుట్టినప్పుడే చప్పుడు వస్తుందన్నారు. 1971లో లీడ్స్ పరిశోధకులు కాదు, అది పగిలినప్పుడే అన్నారు. 2015లో కెనడాలోని అల్బెర్టా యూనివర్సిటీ వాళ్లు వేలికి కేబుల్ తగిలించి ఎంఆర్ఐ యంత్రంలో లాగి చూశారు. సెకనులో మూడో వంతు కూడా పట్టకుండా కీలులో ఖాళీ ఏర్పడటం, అప్పుడే టక్‌మనడం ఆ చిత్రాల్లో కనిపించింది. అంతటితో ఆగిందా అంటే, అదీ లేదు. 2018లో అమెరికా, ఫ్రాన్స్‌లకు చెందిన ఇద్దరు లెక్కలు కట్టి, బుడగ కొంచెం కుంగినా అంత చప్పుడు వస్తుందని చూపించారు. వేలి కీలు ఇంతమంది పండితులను డెబ్భై ఏళ్లు తిప్పించిందన్నమాట.

ఇక మెటికలు విరిస్తే కీళ్లవాతం వస్తుందన్న మాట. కాలిఫోర్నియాకు చెందిన డొనాల్డ్ అంగర్ అనే డాక్టర్‌కు చిన్నప్పుడు పెద్దలు ఇదే చెప్పారట. ఆయన ఎడమ చేతి మెటికలు మాత్రం రోజుకు కనీసం రెండుసార్లు విరుస్తూ, కుడి చేతిని వదిలేశారు. యాభై ఏళ్ల తర్వాత చూస్తే ఏ చేతికీ కీళ్లవాతం లేదు. 1998లో ఒక వైద్య పత్రికలో ఈ సంగతి రాశారు, 2009లో దీనికే ఇగ్ నోబెల్ అనే సరదా బహుమతి కూడా అందుకున్నారు. ఒక్క మనిషి అనుభవం రుజువు కాదన్నది నిజమే. అయితే తర్వాత చాలామందిని చూసిన అధ్యయనాల్లోనూ మెటికల వల్ల కీళ్లవాతం వస్తుందని తేలలేదు. మనవరాలి మొహం చుట్టూ చేతులు తిప్పి, తన కణతల దగ్గర మెటికలు విరిచి బలాయేఁ తీసుకునే నానీ అమ్మలు నిశ్చింతగా ఉండొచ్చు. నమాజులో మెటికలు విరవడం మక్రూహ్ అంటారు గానీ, అది ధ్యాస చెదురుతుందని చెప్పిన మాట, కీళ్ల సంగతి కాదు.

అన్ని చప్పుళ్లూ బుడగలవి కావు. మోకాలు, మడమ, భుజం దగ్గర ఎముక మీదుగా సాగే నరంలాంటి గట్టి పట్టీలు పక్కకు జరిగి మళ్లీ తమ చోటికి వచ్చినప్పుడు కూడా టక్‌మంటుంది. చాలాసేపు కూర్చుని లేచినప్పుడు వినిపించేది తరచూ ఇదే. మూడో రకం వేరు: మోకాలి చిప్ప మీద అరచేయి పెట్టి కాలు చాపితే ఇసుక రాసినట్టు కరకరమని తగులుతుంది. ఎముకల చివర ఉండే నున్నటి మృదులాస్థి గరుకుబారితే ఇలా జరగొచ్చు. అమెరికాలో సుమారు 3,500 మందిని గమనించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, మోకాళ్లు ఎప్పుడూ కరకరలాడే వాళ్లలో తర్వాతి ఏళ్లలో నొప్పితో కూడిన అరుగుదల ఎక్కువగా కనిపించింది. అలాగని అప్పటికప్పుడు ఆపరేషన్ గురించి ఆలోచించే పనిలేదు. తొడ కండరాలు బలపడే వ్యాయామం, బరువు తగ్గడం మోకాలికి మేలు చేస్తాయి. ఒంట్లో ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల దాకా భారం తగ్గుతుంది. కదలకుండా కూర్చుంటే కండరం సన్నబడి మోకాలు ఇంకా బలహీనపడుతుంది.

చప్పుడుతో పాటు నొప్పి, వాపు, వేడి ఉన్నా, కాలు మధ్యలో ఇరుక్కుపోయినట్టు చాపలేకపోయినా, నడుస్తుంటే మోకాలు జారిపోతున్నట్టున్నా ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించాలి. క్రికెట్ ఆడుతూ కాలు మెలిపడి 'ఫట్'మని, కొన్ని గంటల్లోనే మోకాలు ఉబ్బితే అది లిగమెంట్ తెగిన చప్పుడు కావొచ్చు. దానికి మాలిష్ అసలు చేయించకూడదు. అలాంటప్పుడు కుర్చీ మీద నమాజు చేసుకోవడానికి ఎలాగూ అనుమతి ఉంది.

మెడ విషయం మాత్రం పూర్తిగా వేరు. హెయిర్ కటింగ్ అయ్యాక చాలా షాపుల్లో తల మసాజ్ చేసి, గడ్డం పట్టుకుని మెడను చటుక్కున తిప్పి టక్‌మనిపిస్తారు. హాయిగా ఉంటుందని కుర్రాళ్లు అడిగి మరీ చేయించుకుంటారు. మెడ ఎముకల పక్కనుంచే మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనులు పైకి వెళ్తాయి. ఆ విసురుకు ధమని లోపలి పొర చిరిగితే అక్కడ రక్తం గడ్డకట్టి పక్షవాతం రావొచ్చు. అరుదే, కానీ వచ్చేది యువకులకైనా వస్తుంది. 'భాయ్, మెడ వద్దు' అని కుర్చీలో కూర్చోగానే చెప్పేయడం మంచిది. మెడ తిప్పించుకున్నాక, అదే రోజైనా కొన్ని రోజులకైనా, ఎన్నడూ లేనంత మెడ నొప్పి, కళ్లు తిరగడం, మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనిపించడం, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పడం లాంటివి కనబడితే ఇంట్లో పడుకోబెట్టకుండా 108కి ఫోన్ చేయాలి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు.