మాయాబజారు ఉన్నది, తక్కిన పదమూడు ఏవి?

పాత తెలుగు చిత్రములు డౌన్‌లోడు దుకాణములలో ఏల దొరకవో గురువారము నాటికి తేల్చి ముఖచిత్ర కథనముగా వ్రాయవలయునని సంపాదకులు పురమాయించినప్పుడు, నాకు తోచిన సమాధానము ఎల్లరకును తోచునదియే: రీళ్లు చెడినవి, దాచినవారు లేరు. అది సగము నిజము. తక్కిన సగము స్టాంపు కాగితములలో నున్నదని నాకు చూపినవారు మా చోడవరముననే యున్న ఒక వృద్ధులు. ఉత్తరాంధ్ర ఏరియాకు చిత్రములను లీజునకు తెచ్చి, గోవాడ చక్కెర మిల్లులో క్రషింగు సాగుచు రైతుల చేత నాలుగు డబ్బులాడు రోజులు చూచి, ఊరూరను సెకండు రన్ను లాడించినవారు. తమ పేరును, చిత్రము పేరును వ్రాయవలదన్నారు.

ఆయన ట్రంకుపెట్టెలో తుప్పుపట్టిన గుండుసూదితో కూర్చిన రెండు కాగితము లున్నవి. మొదటిది లీజు ఒప్పందము: ఏరియా యేదో, గడువెంతయో, 35 మి.మీ. హక్కు లెవరివో, 16 మి.మీ. హక్కు లెవరివో, ప్రింటుపై గీతలు పడినచో నష్ట మెవరు భరింపవలయునో, తిరిగి పంపునప్పుడు రైలు ఖర్చెవరిదో సైతము టైపు అక్షరములలో స్పష్టముగా నున్నది. టెలివిజను మాట లేదు. క్యాసెట్టు మాట అసలే లేదు. రెండవది కొన్ని యేండ్ల తరువాతిది. నిర్మాత తన నెగటివు హక్కులను వేరొకరికి ఔట్‌రైటుగా విక్రయించినట్లు తెలుపు జాబు. అందు "సమస్త హక్కులు" అని యున్నదే గాని ఆ సమస్తమున ఏమేమి చేరునో లేదు. క్రింద సంతకము చేసినవారు నలువురు భాగస్వాములలో ఇద్దరే. "తక్కిన ఇద్దరి సంతకము లేవీ తాతగారూ?" అని యడిగితిని. ఆయన నవ్వి, "సినిమా ఎక్కడికీ పోనేదు బాబూ, కాయితాలే తెగిపోనాయి" అనిరి.

మా ప్రాంతమున పొలము కొనువాడు లింకు డాక్యుమెంట్లు అడిగినట్లే, డిజిటలు దుకాణము వారును నిర్మాత మొదలు నేటి యజమాని వరకు ప్రతి చేతి మార్పునకు పత్రమడుగుదురు. నెగటివు ఫలానావారి ఖాతాలో నున్నదని ల్యాబు వారి లేఖ యడుగుదురు. నడుమ నొక్క సంతకము లోపించినను చిత్రము దుకాణపు గడప యెక్కదు. కాపీరైటు చట్టమును ఈ చిక్కు నెరుగకపోలేదు. గడువు వ్రాయని ఒప్పందము ఐదేండ్ల కనియు, ప్రాంతము వ్రాయనిది భారతదేశమునకు మాత్రమే యనియు 1994 సవరణ నిర్ణయించినది. ఒప్పందము నాటికి పుట్టని మాధ్యమమునకు హక్కు, ప్రత్యేకముగా పేర్కొననిదే, బదిలీ కాదని 2012 సవరణ చెప్పినది. న్యాయమైన మాటలే. కాని కాగితములు చెదలు తిన్న పిమ్మట వచ్చినవి.

ఈ కాగితపు చిక్కునకు ప్రబల నిదర్శనము మన కన్నుల యెదుటనే యున్నది. హైదరాబాదునకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ వారు 2007లో విజయా-వాహినీ వారి 14 తెలుగు చిత్రముల ప్రపంచ నెగటివు హక్కులను కొని, 1957 నాటి "మాయాబజారు"కు రంగులద్ది 2010 జనవరి 30న విడుదల చేసిరి. చిత్రమునకు లాభము వచ్చినది. అయినను తక్కిన పదమూడు రంగులలో వెలువడలేదు. నిర్మాతలు పలువురు నెగటివు హక్కులను టీవీ చానెళ్లకు విక్రయించి వానిపై అధికారము కోల్పోయిరనియు, యాజమాన్యపు చిక్కులు పెక్కు లున్నవనియు ఆ సంస్థ వారే కారణము చెప్పిరి. జెమిని, ఈటీవీ రెండును 1995లోనే వచ్చినవి. నాటి నిర్మాతకు టీవీ యనగా ఊహింపని ఆదాయము. అట్లు టీవీ వారి బీటా టేపుల కెక్కిన అరిగిన ప్రతులే నేడు యూట్యూబున మనకు ఉచితముగా లభించుచున్నవి; డబ్బిచ్చి కొందమన్న మంచి ప్రతి లేదు.

ఇక రీళ్లు చెడిన ఆ సగము నిజము క్లుప్తముగా: తొలి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైనది; నేడు ఒక్క రీలైనను లేదు. నాటి నైట్రేటు ఫిల్ము నిప్పునకు చుట్టము; 2003 జనవరిలో పుణెలో రేగిన మంటలలో పాత నైట్రేటు చిత్రములెన్నో దగ్ధమైనవి. పరిశ్రమ మద్రాసు నుండి హైదరాబాదునకు తరలినప్పుడు నెగటివులన్నియు వెంట రాలేదు.

హక్కు తీరిపోయిన చిత్రముల మాటేమి? మన చట్టమున చలనచిత్రపు హక్కు విడుదలైన మరుసటి యేడాది నుండి 60 సంవత్సరములు. "పాతాళభైరవి", "మల్లీశ్వరి" (రెండును 1951) 2011తోను, "మాయాబజారు" 2017తోను స్వేచ్ఛ పొందినవి. చిత్రపు హక్కు మట్టునకు ఇక నెవరైనను విక్రయింపవచ్చును. కాని నెగటివు డబ్బా యెవరి గదిలో నున్నదో వారు తలుపు తీయవలయునని చట్టము చెప్పదు. లక్షలు వ్యయించి శుభ్రపరచినవాని ప్రతిని మరునాడు పొరుగువాడు కాపీ చేసికొనును. హక్కు బ్రతికియున్నంత కాలము తగవు, హక్కు తీరిన పిమ్మట లాభము లేదు. కావున ఈ పని వ్యాపారులది కాదు, ప్రభుత్వ ధనముతో జరుగవలసినదని నా నిశ్చితాభిప్రాయము. 2024 సెప్టెంబరులో అక్కినేని శతజయంతికి ఆయన చిత్రములు పలు నగరముల థియేటర్లలో మరల ఆడినవన్న, అది ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషనును, జాతీయ ఫిల్ము ఆర్కైవును చేయి కలిపినందుననే.

మాటల యజమాని
చిత్రముపై హక్కు తీరినను అందలి సాహిత్య సంగీతములపై హక్కు వేరు: అది కర్త మరణానంతరము 60 ఏండ్లుండును. "మాయాబజారు"కు మాటలు, పాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావుగారు 1971లో గతించిరి. లెక్క 2031 వరకు. ఆ చిత్రమునకు సంగీతము కూర్చిన ఘంటసాలగారు 1974లో గతించిరి. ఆయన బాణీల లెక్క 2034 వరకు.

పాఠకులకు
మీ యిండ్లలో పాత డిస్ట్రిబ్యూషను కాగితములు గాని, ప్రింటు డబ్బాలు గాని యున్నచో తూకమునకు వేయకుడు. చిత్రములను భద్రపరచుటకు స్వీకరించు జాతీయ ఫిల్ము ఆర్కైవు పుణెలో నున్నది. ముందుగా వారికొక ఉత్తరము వ్రాయుడు.