బండి కింద మురుగు ట్యాంకు: నీళ్ళ పొదుపే తెచ్చే చిక్కు

అమెరికాలో సెలవులు వస్తే చాలామంది కారు వెనుక చక్రాల ఇల్లు తగిలించుకుని బయలుదేరుతారు. దానిని క్యాంపర్ అంటారు. మంచం, పొయ్యి, స్నానాల గది, మరుగుదొడ్డి అన్నీ అందులోనే ఉంటాయి. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలలోనూ ఇలా తిరిగి వచ్చేవారున్నారు. ఇక్కడి నుంచి చూడవచ్చిన తల్లిదండ్రులను వెంటబెట్టుకుని వెళ్ళేవారూ ఉన్నారు. మంచం, పొయ్యి ఎవరికైనా తెలిసినవే. కొత్తవారిని తికమక పెట్టేది మరుగుదొడ్డి.

మూడు ట్యాంకులు

కదిలే ఇంటికి కొళాయీ ఉండదు, మురుగు కాలువా ఉండదు. అందుచేత క్యాంపర్‌లో సాధారణంగా మూడు ట్యాంకులు అమరుస్తారు. ఒకటి మంచినీళ్ళకు, రెండవది స్నానం చేసిన, అంట్లు తోమిన నీళ్ళకు, మూడవది మరుగుదొడ్డికి. ఈ మూడవది చాలా బళ్ళలో 75 నుంచి 150 లీటర్ల వరకు పడుతుంది. మన ఇళ్ళ సెప్టిక్ ట్యాంకులో మలం కుళ్ళి అడుగుకు చేరుతుంది, పైనీరు బయటకు పోతుంది. క్యాంపర్ ట్యాంకులో ఆ వీలు లేదు. పడినదంతా పారబోసే వరకు అందులోనే ఉంటుంది.

కాలితో మీట నొక్కితే బేసిన్ అడుగున మూత తెరుచుకుంటుంది, నీళ్ళు వస్తాయి. అమెరికా ఇళ్ళలో కొత్తగా పెట్టే కమోడ్ ఒక్కసారికి సుమారు 6 లీటర్లకు మించి వాడరాదని 1992లో చట్టం చేశారు. క్యాంపర్‌లో రెండు లీటర్ల లోపే వస్తాయి.

పొదుపుతో చెరుపు

ట్యాంకు త్వరగా నిండుతుందన్న భయంతో కొత్తవారు ఆ కొద్ది నీళ్ళను కూడా తగ్గిస్తారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. నీరు చాలకపోతే మలం, కాగితం అడుగున గుట్టగా పేరుకుని గట్టిపడతాయి. మూడంగుళాల గొట్టం పూడిపోతుంది. లోపలి మీటరుకు కాగితం అంటుకుని, ఖాళీ ట్యాంకును కూడా నిండినట్లు చూపుతుంది.

విడిది చేసే చోట మురుగు గొట్టం తగిలించి, వాల్వు తెరిచి వదిలేయడం మరో పొరపాటు. నీరు ఎప్పటికప్పుడు జారిపోతుంది, గట్టిది మిగిలిపోతుంది. కాలువలో నీళ్ళు తీసేస్తే ఒండ్రు నిలిచినట్లే. కనుక వాల్వు మూసి ఉంచాలి. ట్యాంకు మూడింట రెండు వంతులు నిండాక ఒక్కసారిగా తెరవాలి. నీటి వేగానికి అంతా కొట్టుకుపోతుంది. ఆ తర్వాత స్నానపు నీళ్ళ ట్యాంకు వదిలితే గొట్టం కూడా శుభ్రపడుతుంది. మళ్ళీ వాడబోయే ముందు మరుగుదొడ్డి ట్యాంకులో పది పదిహేను లీటర్ల నీళ్ళు పోసి ఉంచాలి.

నీళ్ళతో కడుక్కునే మన అలవాటు ఇక్కడ మేలే చేస్తుంది. కాగితం తగ్గుతుంది, ట్యాంకులో నీరు పెరుగుతుంది.

ఆరోగ్యం జాగ్రత్త

మురుగు వదిలేటప్పుడు చేతులకు తొడుగులు తప్పనిసరి. మురుగు గొట్టం కడిగే పైపుతో మంచినీళ్ళు ఎన్నడూ పట్టరాదు. రెండు పైపులూ వేరుగా ఉంచుకోవాలి. ఈ ఒక్క జాగ్రత్త తప్పితే ఇంటిల్లిపాదికీ విరేచనాలు పట్టుకునే ప్రమాదం ఉంది. మురుగును అందుకోసం కట్టిన చోటనే వదలాలి. దారి పక్కనో వాగులోనో వదిలితే నేరం. దూరప్రయాణానికి ముందే ఖాళీ చేయడం మంచిది. వంద లీటర్ల మురుగంటే కారు లాగవలసిన బరువు సుమారు వంద కిలోలు పెరిగినట్లే.

వాసన పోవడానికి ట్యాంకులో మందు పోస్తారు. ఫార్మాల్డిహైడ్ కలిసిన మందు వాసననే కాక, మలాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులను కూడా చంపుతుంది. పల్లెపట్టు విడిదులలో ఈ మురుగు చేరేది తరచు సెప్టిక్ ట్యాంకులకే. ఒకరి బండిలోని మందు అక్కడి ట్యాంకు పనినే పాడుచేయగలదు. మన ఇళ్ళలో ఆసిడ్, ఫినాయిల్ మితిమీరి పోసినా ఇదే జరుగుతుంది.

మన రైళ్ళలోనూ ఇంతే

ఇలాంటి ట్యాంకులు మనకు మరీ దూరమైనవి కావు. మన రైళ్ళలో ఎంతోకాలం మలం పట్టాల మీదే పడేది. తర్వాత బోగీల కింద బయో టాయిలెట్ ట్యాంకులు వచ్చాయి. వాటిలో సూక్ష్మజీవులు మలాన్ని నీరుగా, వాయువుగా మారుస్తాయి. ప్లాస్టిక్ సీసాను, గుడ్డను, గుట్కా పొట్లాన్ని అవి ఏమీ చేయలేవు. అలాంటివి పడితే గొట్టం మూసుకుపోతుంది, ఆ కంపు బోగీలోని అందరూ భరించాలి. దానిలో చేయి పెట్టి తీయవలసినవాడూ మనవంటి మనిషే. రైలు ఎక్కినప్పుడు ఆ సీసాను, పొట్లాన్ని చెత్తబుట్టలో వేస్తే చాలు.