కారు చక్రపు నాభి – దాని అరుగుదల

కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని మన పెద్దల సామెత. ఎద్దుబండి ఇరుసు కూసినచో బండివాడు దిగి కందెన పూయును, కూత మానును. నేటి కారు చక్రమును అట్లే కూయును గాని, ఆ ధ్వని టైరుదనియో రోడ్డుదనియో తలంచి నెలల తరబడి ఉపేక్షించువారే పెక్కురు. మా విద్యార్థుల తల్లిదండ్రులలో హోసూరు నుండి బెంగుళూరునకు ప్రతిదినము కారులో పోయివచ్చువారు అనేకులు గలరు. వారికిని, పై తరగతుల బాలబాలికలకును ఉపయోగపడునని ఈ విషయమును వివరించుచున్నాము.

చక్రమును నడుమనుండి పట్టియుండు భాగము నాభి. మెకానిక్కులు దీనిని హబ్బు అందురు. నాభి తిరుగవలెను; దానిని మోయు భాగము తిరుగరాదు. ఈ రెంటికిని పొత్తు కుదుర్చునది బేరింగు. ఒకదానిలో నొకటి ఇమిడిన ఉక్కు వలయములు, వాని నడుమ రెండు వరుసల గుండ్లు, గుండ్లను ఎడముగా నుంచు పంజరము, గ్రీజు, ఆ గ్రీజును కాపాడు రబ్బరు మూతలు – ఇంతియే దాని నిర్మాణము.

దాని శ్రమ ఎంతటిదో లెక్కించి చూతము. 145/70 ఆర్ 12 టైరు గల మారుతి 800 కారును గైకొందము. అంచు వ్యాసము 12 అంగుళములు, అనగా 305 మిల్లీమీటర్లు. టైరు ఎత్తు 145లో నూటికి 70 వంతున 101.5, పైనను క్రిందను కలిపి 203. మొత్తము వ్యాసము 508 మిల్లీమీటర్లు. చుట్టుకొలత సుమారు 1,596 మిల్లీమీటర్లు. కావున కిలోమీటరునకు చక్రము 626 మారులు తిరుగును. నలువది కిలోమీటర్ల ప్రయాణమునకు ఇరువదియైదు వేల చుట్లు! కారు బరువులో తన వంతును మోయుచునే బేరింగు ఇన్ని చుట్లు తిరుగవలెను.

ఇట్టి బేరింగు వయస్సు చేతనే గాక, గోతిలో పడిన దెబ్బకు గుండ్లు వలయముపై నొక్కులు చేయుట వలనను, వాననీటిలో మునిగి మూతలోనుండి నీరు చొచ్చుట వలనను చెడును. ఒకచోట ఉక్కు పొర లేచినచో, గుండు దానిమీదుగా పోయినప్పుడెల్ల అదరును. ఆ అదురుపాటే మనకు హోరుగా వినిపించును. వేగము హెచ్చినకొలది హోరు హెచ్చును. గేరు తీసి కారును దొర్లనిచ్చినను మానదు. మలుపులలో దీని గుట్టు బయటపడును. ఎడమకు తిరుగునప్పుడు కారు బరువు కుడి చక్రములపై ఒరగును. అప్పుడు హోరు పెరిగినచో సాధారణముగా కుడిప్రక్క బేరింగునే అనుమానింపవలెను. మా సంఘసభ్యులొకరు ఈ పరీక్ష తెలియక రెండు క్రొత్త టైర్లు కొనిరి. టైర్లు మారెను గాని హోరు మారలేదు.

పిమ్మట కారును జాకీతో లేపి, దృఢమైన ఆధారముపై నిలిపి (జాకీని మాత్రమే నమ్మి కారు క్రిందికి చేయి పోనీయరాదు), చక్రమును పైనను క్రిందను పట్టి ఊపి చూడవలెను. కదలిక యున్నచో మరొకరిని బ్రేకు త్రొక్కుమనవలెను. కదలిక ఆగినచో దోషము బేరింగునందు; ఆగకున్నచో స్టీరింగు కీళ్లయందు వెదకవలెను. కదలిక లేనంత మాత్రమున బేరింగు మంచిదనరాదు. హోరు ముందు, కదలిక తరువాత. కదలిక కనిపించిన పిమ్మట ఆ కారులో పిల్లలను కూర్చుండబెట్టి జాతీయ రహదారిపై పోవుట మాకు సమ్మతము కాదు. అరుగుదల ముదిరినచో చక్రము బిగుసుకొనిపోవచ్చును, ఊడిపోవుటయు కలదు.

వెనుకటి కార్లలో అనేకములందు బేరింగును విప్పి, కిరసనాయిలుతో కడిగి, గ్రీజు నింపి, నట్టును సరిచేసెడివారు. నేటి మూసిన బేరింగునకు ఆ వైద్యము లేదు, మార్చవలసినదే. కొన్ని కార్లలో నాభి, బేరింగు ఒకే ముక్కగా బోల్టులతో బిగింపబడియుండును, అది సుళువు. బేరింగును ప్రెస్సుతో ఎక్కించు కార్లలోనే పని చెడుచున్నది. బేరింగును దాని గూటిలోనికి దింపునప్పుడు వెలుపలి వలయమును మాత్రమే నొక్కవలెను. నాభిని బేరింగులోనికి ఎక్కించునప్పుడు లోపలి వలయమునకు క్రిందనుండి ఆధారమీయవలెను. ఇది తప్పినచో బలమంతయు గుండ్లమీదుగా పోయి, క్రొత్త బేరింగు బిగించిననాడే నొక్కులు పడును. కొలది దినములలో మరల హోరు. సుత్తితో మోది ఎక్కించు షెడ్డునకు మేమైతే కారు నీయము. పాత నాభిని లాగునప్పుడు లోపలి వలయము తరచుగా దానినే అంటుకొని వచ్చును. దానిని తీయుటలో నాభికి గీతలు పడినచో నాభిని కూడ మార్చవలెను.

చక్రవేగమును తెలుపు సాధనము గల కార్లలో కొన్నిటియందు బేరింగు మూతకే అయస్కాంత వలయముండును. అది సాధనము వైపునకే యుండవలెను, తిరుగవేసినచో ఏ.బి.ఎస్. దీపము వెలుగును. నడిమి నట్టును క్రొత్తది వేసి, తయారీదారు పుస్తకములో చెప్పిన కొలతకు టార్కు రెంచితో బిగింపవలెను. ఆ నట్టు బిగించువరకు చక్రముపై కారు బరువు మోపరాదు. ఒక బేరింగు అరిగినందుకు నాలుగింటిని మార్చుమను సలహాను పాటింపనక్కరలేదు. చెడినదానిని మార్చిన చాలును.

పని ముగిసి సుమారు ఏబది కిలోమీటర్లు నడిచిన పిమ్మట చక్రపు నట్టులను ఒకమారు సరిచూచుకొనవలెను. తీసివేసిన పాత బేరింగును పారవేయక మా పాఠశాల సైన్సు గదికి పంపుడు. లేచిపోయిన ఉక్కు పొర ఎట్లుండునో పిల్లలు వ్రేలితో తడవి తెలిసికొందురు.