చేర్చుకుంటే చాలదు, చివరివరకు నిలబెట్టాలి

అమెరికా ప్రభుత్వ పాఠశాలల్లో చదివే పిల్లల్లో సగానికి పైగా శ్వేతేతరులే. నల్లజాతి, లాటినో, ఆసియా సంతతి, ఆదివాసీ కుటుంబాల పిల్లలు వారు. అక్కడ స్థిరపడిన మన తెలుగువారి బిడ్డలూ వారిలో ఉన్నారు. అయితే ఉపాధ్యాయులు మాత్రం ఐదుగురిలో దాదాపు నలుగురు శ్వేతజాతీయులే.

ఈ తేడా దానంతటది వచ్చింది కాదు. పాఠశాలల్లో జాతి వేర్పాటు చెల్లదని 1954లో బ్రౌన్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర్పు న్యాయమైనదే. కాని పిల్లలను కలిపినవారు ఉపాధ్యాయులను కలుపుకోలేదు. దక్షిణాదిలో నల్లవారి బడులు మూతపడ్డాయి. తరువాతి పదేళ్లలో సుమారు 38,000 మంది నల్లజాతి ఉపాధ్యాయులు, ప్రధానోపాధ్యాయులు ఉద్యోగాలు కోల్పోయారని అంచనా.

దీని నష్టం పిల్లలదే. నార్త్ కరోలినాలో నిరుపేద నల్లజాతి బాలురను పరిశోధకులు గమనించారు. మూడు నుండి ఐదు తరగతుల మధ్య ఒక్క నల్లజాతి ఉపాధ్యాయుని దగ్గరైనా చదివినవారిలో, హైస్కూలు చదువు మానేసే అవకాశం 39 శాతం తగ్గింది.

మరి శిక్షణలో చేరిన శ్వేతేతర యువత మధ్యలో ఎందుకు ఆగిపోతున్నారు? మొదటిది డబ్బు. శిక్షణ చివర ఒక సెమిస్టరు పాటు రోజంతా బడిలో పాఠాలు చెప్పాలి. చాలాచోట్ల దానికి జీతం లేదు, పైగా కాలేజీకి ఫీజు కట్టాలి. పార్ట్‌టైమ్ పని చేసుకుంటూ చదివేవారికి ఇక్కడే కాళ్లు ఆగిపోతాయి. రెండవది లైసెన్సు పరీక్షలు. తప్పిన ప్రతిసారీ మళ్లీ రుసుము చెల్లించాలి. మూడవది ఒంటరితనం. తరగతిలో తనలాంటివారు ఇంకెవరూ లేనప్పుడు కష్టం ఎవరితో చెప్పుకోవాలి?

దీనికి మార్గం ఉంది. సౌత్ కరోలినాలో క్లెమ్సన్ విశ్వవిద్యాలయం, క్లాఫ్లిన్, బెనెడిక్ట్, మోరిస్ కాలేజీలతో కలిసి "కాల్ మీ మిస్టర్" అనే కార్యక్రమం ప్రారంభించింది. నల్లజాతి పురుషులను ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దడం దాని ఉద్దేశం. ఫీజుకు సాయం చేస్తారు. బడిలో పనిచేస్తే ఆ అప్పు మాఫీ అవుతుంది. విద్యార్థులను ఒక జట్టుగా కలిపి ఉంచి, చదువులో తోడ్పడి, ఉద్యోగం వెతుక్కోవడానికీ సహాయపడతారు. అంటే ఎవరినీ ఒంటరిగా వదలరు.

ఆ మూడు కాలేజీలూ మెథడిస్టు, బాప్టిస్టు విశ్వాసుల చేత స్థాపించబడినవే. పూర్వం సంఘాలు బడి కట్టి ఊరుకోలేదు, బోధించేవారినీ తయారుచేశాయి. ఆ బాధ్యత నేటికీ తీరలేదని మేము నమ్ముతున్నాము. శిక్షణలో ఉన్న ఒక విద్యార్థికి పరీక్ష రుసుము కట్టడం, ఆ చివరి సెమిస్టరులో అద్దె లేని గది ఇవ్వడం, వారానికొకసారి భోజనానికి పిలిచి ఎలా ఉన్నావని అడగడం ఏ సంఘానికీ మించిన పని కాదు. అలా నిలబడిన ఒక్క ఉపాధ్యాయుని ఎదుట ఏటేటా ఒక తరగతి నిండా పిల్లలు కూర్చుంటారు.