బ్లాడర్‌లో సూదా? భయపడే ముందు ఒక్కసారి చదవండి

"అక్కా, ఇన్ఫెక్షన్ లేదంటున్నారు. మరి ఈ మంటేంటి?"

పోయిన చలికాలంలో మన గ్రూపులో ఒకమ్మాయి నాకు విడిగా మెసేజ్ పెట్టింది. రెండేళ్ళలో ఎన్ని కోర్సుల యాంటీబయాటిక్స్ మింగిందో తనకే లెక్క లేదు. కల్చర్ పెట్టిన ప్రతిసారీ ఏమీ పెరగలేదనే రిపోర్టు. బ్లాడర్ నిండేకొద్దీ పొత్తికడుపులో పొడిచినట్టు నొప్పి, బాత్రూంకి వెళ్ళొస్తే కాసేపు నెమ్మది. రాత్రికి ఐదారుసార్లు లేవడం. అత్తగారు ఫోన్‌లో "వేడి చేసిందమ్మా, బార్లీ నీళ్ళు తాగు" అన్నారట. తాగింది. ఇంకో నాలుగుసార్లు లేవాల్సొచ్చింది, అంతే.

నేను ఇంగ్లండ్‌లో యూరాలజీ నర్సుని. ఈ జబ్బుని ఇక్కడ బ్లాడర్ పెయిన్ సిండ్రోమ్ అంటారు, పాత పేరు ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్. రక్తపరీక్షతో తేలేది కాదు. మిగతావన్నీ లేవని చూసుకుని నిర్ధారిస్తారు. ఒక మాట: యూరిన్‌లో చీముకణాలు కనిపిస్తూ కల్చర్‌లో ఏమీ పెరగకపోతే, ఇండియా నుంచి వచ్చినవాళ్ళం టీబీ సంగతి కూడా డాక్టర్ దగ్గర ఎత్తాలి. మూత్రంలో రక్తం కనిపిస్తే అసలు ఆగొద్దు.

సూది మొదటి మెట్టు కాదు. కాఫీ, టీ, పుల్లటివి, కారం తగ్గించి చూడటం, మాత్రలు, ఫిజియోథెరపీ ముందు వస్తాయి. (యూట్యూబ్ చూసి కెగెల్స్ మొదలుపెట్టకండి. ఈ నొప్పి ఉన్న చాలామందికి కింది కండరాలు ముందే బిగుసుకుని ఉంటాయి, వాటిని వదులు చేయడం నేర్చుకోవాలి.) ట్యూబుతో బ్లాడర్‌లోకి మందు పోసి కాసేపు ఉంచే పద్ధతి కూడా ఉంది. దాన్నీ మనవాళ్ళు ఇంజెక్షనే అంటారు గానీ అందులో సూది ఉండదు.

అసలు ఇంజెక్షన్లు ముఖ్యంగా రెండు రకాలు. కొద్దిమందికి బ్లాడర్ లోపల ఎర్రటి పుండ్లు ఉంటాయి. 1915లో గై హన్నర్ అనే అమెరికన్ డాక్టర్ వీటి గురించి రాశాడు కాబట్టి ఆయన పేరే పెట్టారు. కెమెరాతో చూసినప్పుడు అవి కనిపిస్తే కాల్చేస్తారు, లేదా వాటిలోకి స్టెరాయిడ్ ఎక్కిస్తారు. చాలామందికి నొప్పి బాగా తగ్గుతుంది, కానీ శాశ్వతం కాదు, నెలల తర్వాత మళ్ళీ చేయించుకోవాల్సి రావచ్చు.

రెండోది బొటాక్స్. అవును, ముడతలకి వాడేదే! సన్నటి సూదితో బ్లాడర్ గోడలో పది నుంచి ఇరవై చోట్ల కొంచెం కొంచెం ఇస్తారు, మొత్తం కలిపి మామూలుగా 100 యూనిట్లు. నరాల చివర్ల నుంచి వెళ్ళే సంకేతాలను అది అణిచేస్తుంది. అమెరికాలో 2013లో ఆపుకోలేని మూత్రం సమస్యకి అనుమతి వచ్చింది. నొప్పికి మాత్రం డాక్టర్లు తమ విచక్షణతో వాడుతున్నారు. పనిచేస్తే కొన్ని నెలలు, ఆ తర్వాత మళ్ళీ. అందరికీ పనిచేయదు.

మనవాళ్ళకి సరిగా చెప్పనిది ఒకటుంది. బొటాక్స్ తర్వాత కొందరికి మూత్రం పూర్తిగా బయటికి రాదు. అప్పుడు కొన్ని వారాలో నెలలో సన్నటి ట్యూబుని మనమే పెట్టుకుని ఖాళీ చేసుకోవాలి. అందుకే ముందే నేర్పిస్తారు. "అది నావల్ల కాదు" అనిపిస్తే సూదికి ఒప్పుకోకండి, అలా అనడం తప్పేం కాదు. గర్భం ఉన్నా, పాలిస్తున్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా, కండరాల బలహీనత జబ్బున్నా ముందే చెప్పాలి.

ఆ అమ్మాయికి మొదటి అపాయింట్‌మెంట్‌లో భర్త తర్జుమా చేశాడట. కాపురంలో నొప్పి సంగతి డాక్టర్ అడిగితే ఆయన సిగ్గుపడి "నో ప్రాబ్లం" అనేశాడు! అసలు బాధే ఫైల్లోకి ఎక్కలేదు. ఎన్‌హెచ్‌ఎస్‌లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగా ఇస్తారు, ఆడవాళ్ళే కావాలని కూడా అడగొచ్చు. అపాయింట్‌మెంట్ రాగానే ఫోన్ చేసి చెప్పాలి. రెండోసారి తను అలాగే చేసింది.

కెమెరాలో పుండ్లు లేవు. బొటాక్స్‌కి ఒప్పుకుంది. మూడు వారాలు హ్యాండ్‌బ్యాగ్‌లో ట్యూబుల ప్యాకెట్ పెట్టుకుని తిరిగింది, ఆఫీసు బాత్రూంలో ఒకసారి ఏడ్చిందట కూడా. నొప్పి పూర్తిగా పోలేదు, సగానికి తగ్గిందంటోంది. రాత్రికి రెండుసార్లే లేస్తోంది. ఆవకాయ మాత్రం ఇంకా ముట్టలేదు.